ఆన్‌లైన్‌లో వంటకాలు పంచుకునేవారు కాపీరైటును ఎలా గౌరవించాలి?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వంటకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో విరివిగా కనిపిస్తున్నాయి. ఉగ్గాని, ఎర్రకారం దోసె, రాగి సంగటి, ఊరుబిండి, ఓళిగలు వంటివాటిని ఇళ్లలో చేసుకునేవారే స్వయంగా రాసి, ఫొటోలు తీసి, వీడియోలు చేసి పదిమందికీ అందిస్తున్నారు. ఎంతో సంతోషించదగిన పరిణామం ఇది. అయితే ఒకరు శ్రమపడి రాసిన వంటకం నాలుగు రోజులు తిరక్కముందే అవే వాక్యాలతో, అదే ఫొటోతో, రాసినవారి పేరు మాత్రం లేకుండా మరో పది చోట్ల ప్రత్యక్షమవుతోంది. అలా చేసేవారిలో చాలామందికి అది తప్పన్న సంగతే తెలియదు. మరికొందరు దీనికి భిన్నంగా, అవ్వ దగ్గర నేర్చుకున్న పప్పుల పొడి కొలత రాయాలన్నా ఎవరి అనుమతైనా కావాలేమోనని సంకోచిస్తున్నారు. ఎక్కడ స్వేచ్ఛగా రాయవచ్చో, ఎక్కడ ఆగి అడగాలో తెలిస్తే ఈ రెండు ఇబ్బందులూ తీరుతాయి.

మన దేశంలో ఈ విషయానికి ఆధారం 1957 నాటి కాపీరైటు చట్టం. ఆలోచనకు, పద్ధతికి ఈ చట్టం రక్షణ ఇవ్వదు. ఆ ఆలోచనను ఒక వ్యక్తి తనదైన రీతిలో వ్యక్తం చేసిన రూపానికే ఇస్తుంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. అది ఒక నాటకానికి, సినిమాకు సంబంధించిన వివాదమే అయినా, అందులోని సూత్రం వంటకాలకూ వర్తిస్తుంది. బొరుగులను తడిపి, పిండి, తిరగవాతలో వేసి, పప్పుల పొడి కలిపితే ఉగ్గాని అవుతుందన్నది ఒక పద్ధతి, దాని మీద ఎవరికీ హక్కు లేదు. రెండు గ్లాసుల బియ్యానికి ఎంత రాగిపిండి, ఎన్ని నీళ్లు అన్న కొలతలూ అంతే. అమెరికాలో పెరుగుతో చేసే వంటకాల పుస్తకం గురించి వచ్చిన వివాదంలో అక్కడి అప్పీలు కోర్టు 1996లో ఇదే దారిలో నడిచి, దినుసుల జాబితాకు, వాటిని కలిపే క్రమానికి కాపీరైటు ఉండదని తీర్పు చెప్పింది.

ఆ వంటకాన్ని వివరిస్తూ ఒక వ్యక్తి రాసిన వాక్యాలు, ముందుమాటగా చెప్పిన జ్ఞాపకం, సూచనలు ఇచ్చిన తీరు, తీసిన ఫొటో, చేసిన వీడియో, గీసిన బొమ్మ మాత్రం ఆ వ్యక్తివే. అనేక వంటకాలను తన అభిరుచితో ఎంచి, ఒక క్రమంలో పేర్చి సంకలనం చేస్తే ఆ ఎంపికకు, ఆ కూర్పుకు కూడా రక్షణ ఉంటుంది. అందువల్ల ఒకరు ముప్పై రోటి పచ్చళ్లతో కూర్చిన పుస్తకంలోని పచ్చళ్లన్నింటినీ అదే వరుసలో, అదే విభజనతో తెచ్చి మీ పేజీలో పెట్టడం, వాక్యాలు మార్చినా సరే, తగదు. ఈ హక్కు కోసం ఎవరూ ఎక్కడా నమోదు చేసుకోనక్కరలేదు. రాసిన క్షణం నుంచే అది రాసినవారికి సంక్రమిస్తుంది. పేజీ అడుగున కాపీరైటు గుర్తు కనిపించలేదు కాబట్టి అది అందరి సొత్తు అనుకోవడం పొరపాటు.

వాక్యాలు మార్చడం వేరు, సొంతంగా రాయడం వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కనుక కాస్త నిదానంగా చూద్దాం. ఒక రచయిత్రి ఉగ్గాని గురించి ఇలా రాశారనుకోండి: "తడిసిన బొరుగులను అరచేతుల మధ్య పెట్టి పిండేటప్పుడు మరీ బిగించకండి. చివరి చుక్క వరకు పిండితే తిరగవాతలో వేశాక గింజ గింజా చితికి ఉగ్గాని ముద్దయిపోతుంది. మా అవ్వ అసలు పిండేదే కాదు. చిల్లుల గిన్నెలో పోసి, నీరంతా దానంతటదే కారిపోయేదాకా ఆగేది."

దీన్ని చూసి మరొకరు ఇలా రాశారు: "నానిన బొరుగుల్ని రెండు చేతుల నడుమ ఉంచి ఒత్తేటప్పుడు మరీ గట్టిగా ఒత్తవద్దు. ఆఖరి బొట్టు దాకా ఒత్తితే పోపులో వేశాక మెతుకు మెతుకూ నలిగి ఉగ్గాని ముద్దవుతుంది. మా నాయనమ్మ ఒత్తేదే కాదు. జల్లెడ గిన్నెలో వేసి నీరు కారేదాకా ఆగేది." మాటలు దాదాపు అన్నీ మారాయి. అయినా ఇది నకలే. వాక్యాల వరుస, చెప్పిన తీరు, హెచ్చరిక వెంట జ్ఞాపకం రావడం, అన్నీ మొదటి రచయిత్రివే. అంతకన్నా బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఒకరి ఇంటి అవ్వను తెచ్చి తమ ఇంటి నాయనమ్మగా చూపడం. ఒక యాప్‌లో వేసి పదాలు మార్పించినా ఫలితం ఇంతే.

సొంతంగా రాయాలనుకుంటే ముందు చదివిన పేజీని మూసివేసి వంటింట్లోకి వెళ్లాలి. ఆ పేజీ నుంచి తెచ్చుకోవలసినది సమాచారం మాత్రమే: బొరుగులు తడపాలి, నీరు తీయాలి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేగాలి, పొడి కలపాలి, నిమ్మరసం పిండాలి. వంట చేస్తూ మీ కొలతలను, మీ పాత్రను, మీ పొయ్యి మీద పట్టిన సమయాన్ని, ఎదురైన ఇబ్బందిని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత ఆ పుస్తకం ముందు పెట్టుకొని రాస్తే వాక్యం ఇలా వస్తుంది: "ఈసారి దొరికిన బొరుగులు గట్టి రకం. నీళ్లలో వేశాక నొక్కి చూస్తే నడుమ ఇంకా పలుకు తగిలింది కాబట్టి మరికాసేపు ఉంచవలసి వచ్చింది. పప్పుల పొడిని పొయ్యి కట్టేసిన తర్వాతే కలిపాను. మంట మీద కలిపితే అడుగంటుతుంది." ఇక్కడ పద్ధతి అందరిదే అయినా రాత పూర్తిగా మీది. పైగా చదివేవారికి ఇది కొత్త సమాచారం ఇస్తుంది. బొరుగుల రకాన్ని బట్టి నానే సమయం మారుతుందని పాత పేజీలో లేకపోవచ్చు.

ప్రచురించే ముందు మీ రాతనూ, మీరు చదివిన మూలాన్నీ పక్కపక్కన పెట్టి ఒకసారి పోల్చి చూసుకోవడం మంచిది. ఎక్కడైనా వాక్యనిర్మాణం, ఉపమానం, ముందుమాట మరీ దగ్గరగా కనిపిస్తే ఆ భాగాన్ని తీసివేయండి. దినుసుల జాబితా ఒకేలా ఉంటే చింతించనక్కరలేదు, ఎందుకంటే ఒకే వంటకానికి అవి ఒకేలా ఉండక తప్పదు.

పేరు చెప్పడం, అనుమతి అడగడం

చట్టం అడగకపోయినా, నేర్చుకున్న చోటు చెప్పడం మర్యాద. నా ఉద్దేశంలో వంట రాసేవారి విశ్వసనీయత సగం ఇక్కడే తెలుస్తుంది. "ఈ ఎర్రకారం కొలతను కడపలోని మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను; వెల్లుల్లి మాత్రం మా ఇంటి రుచికి తగ్గించాను" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పుస్తకం నుంచో ఛానల్ నుంచో నేర్చుకుంటే దాని పేరు, రచయిత పేరు, లింకు ఇవ్వండి. ఇంట్లోవారి పేరు, ఊరు, ఫొటో పెట్టేముందు వారిని తప్పనిసరిగా అడగండి. పెద్దవారు చాలామంది తమ పేరు వేయడాన్ని గౌరవంగా భావిస్తారు, కొందరు బయటపడడానికి ఇష్టపడరు.

పేరు చెప్పినంత మాత్రాన అనుమతి పొందినట్టు కాదన్నది గుర్తుంచుకోవలసిన అంశం. "సౌజన్యం: ఫలానా పత్రిక" అని కింద రాసి, ఆ పత్రికలోని వ్యాసాన్ని మొత్తంగా పైన అతికిస్తే అది ఉల్లంఘనే. చట్టంలోని 52వ సెక్షన్ వ్యక్తిగత వినియోగానికి, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఒక వంటల పుస్తకాన్ని సమీక్షిస్తూ అందులోంచి రెండు మూడు వాక్యాలు ఉటంకించవచ్చు. నచ్చిన వంటకాన్ని ప్రింటు తీసి వంటింటి గోడకు అంటించుకోవచ్చు. ఆ ప్రింటును ఫొటో తీసి వేలమంది ఉన్న వాట్సాప్ ఛానల్‌లో పెట్టడం మాత్రం వ్యక్తిగత వినియోగం కిందకు రాదు. పుస్తకాలను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా టెలిగ్రామ్ గుంపుల్లో పంచడమూ అంతే.

మూలాన్ని ఉన్నదున్నట్టుగా వాడుకోవాలనుకుంటే రాతపూర్వకంగా అడగండి. ఉత్తరం పెద్దదిగా ఉండనవసరం లేదు. "మీరు రాసిన జొన్నరొట్టె వ్యాసంలోని రెండో పేరాను, మొదటి ఫొటోను నా పేజీలో మీ పేరుతో, మీ లింకుతో ప్రచురించడానికి అనుమతి కోరుతున్నాను. నా పేజీలో ప్రకటనలు ఉన్నాయి. మీరు ఎప్పుడు కోరినా తొలగిస్తాను" అని రాస్తే అడిగినది ఏమిటో, ఎక్కడికో, దానివల్ల ఆదాయం ఉందో లేదో ఎదుటివారికి స్పష్టంగా తెలుస్తుంది. జవాబు వచ్చాక దాన్ని భద్రపరచుకోండి. జవాబు రాకపోతే అనుమతి లేనట్టే లెక్క. కేవలం చూపించడమే మీ ఉద్దేశమైతే లింకు ఇవ్వడం, లేదా అది ఉన్న వేదికలోనే (యాప్‌లో లేదా సైటులో) దొరికే షేర్ సదుపాయం వాడడం అన్నిటికన్నా సులువైన మార్గం. డౌన్‌లోడ్ చేసి మీ పేరుతో మళ్లీ ఎక్కించవద్దు.

అనువాదం విషయంలో చాలామందికి అపోహ ఉంది. ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉన్న వంట వ్యాసాన్ని తెలుగులోకి తెస్తే అది కొత్త రచన అవుతుందని భావిస్తారు. అనువాదం చేసే హక్కు కూడా మూల రచయితదేనని 14వ సెక్షన్ చెబుతోంది. బళ్లారి వైపు సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ వచ్చినవారు కన్నడ వంటల పేజీలు చదివి రాయడం సహజం. అలాంటప్పుడు వంటకాన్ని నేర్చుకొని, చేసి, సొంతంగా రాయండి, లేదా అనువాదానికి అనుమతి తీసుకోండి. రచయిత విదేశీయుడైనా నియమం మారదు, ఎందుకంటే కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో భారతదేశం 1928 నుంచి ఉంది. ఆ ఒప్పంద దేశాల రచనలకు ఇక్కడా రక్షణ లభిస్తుంది.

పాత పుస్తకాల విషయంలో గడువు లెక్క చూసుకోవాలి. రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లు మరణించిన ఏడాది మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతాయి. 1960లో కన్నుమూసిన రచయిత రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. రచయిత పేరు లేకుండా వెలువడిన పుస్తకానికి ప్రచురణ సంవత్సరం నుంచి ఇదే లెక్క వేస్తారు. పాత పుస్తకానికి ఈమధ్య ఎవరైనా వ్యాఖ్య, పరిచయం, కొత్త బొమ్మలు చేర్చి ఉంటే వాటికి వేరే హక్కు ఉంటుంది కాబట్టి మూలాన్ని మాత్రమే తీసుకోవాలి.

ఫొటోలు, వీడియోలు, పాటలు

గూగుల్‌లో వెతికితే కనిపించే ఫొటోలన్నీ ఎవరో ఒకరివి. గూగుల్ వాటిని చూపిస్తుందే తప్ప వాటి మీద ఎవరికీ హక్కు ఇవ్వదు. ఫొటో తీసినవారే చట్టం దృష్టిలో దాని కర్త. మీరు డబ్బు చెల్లించి ఫొటోగ్రాఫరుతో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు మీకు చెందుతుంది. అయినా ముందే రాసుకోవడం క్షేమం. ఫోనుతో కిటికీ పక్కన, పగటి వెలుతురులో మీరే తీసిన సంగటి ముద్ద ఫొటో స్టూడియో ఫొటో అంత మెరవకపోయినా మీ వంటకానికి అదే నిజమైన సాక్ష్యం. పైగా ఇతరుల ఫొటో పెడితే అది మీరు చేసిన వంటకమేనని పాఠకులు నమ్ముతారు, అది వారిని తప్పుదోవ పట్టించడమే.

సొంత ఫొటో వీలుకానప్పుడు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని హక్కుదారు ముందే ఇచ్చే అనుమతి) ఉన్నవాటిని వికీమీడియా కామన్స్ వంటి చోట్ల వెతకవచ్చు. అక్కడ ప్రతి ఫొటో కింద షరతులు ఉంటాయి. కొన్నింటికి పేరు చెబితే చాలు. కొన్నింటిని మార్చి వాడితే మీ ఫొటోను కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఇతర చోట్ల దొరికే కొన్నింటికి వాణిజ్య వినియోగం కుదరదన్న షరతు ఉంటుంది, ప్రకటనల ఆదాయం ఉన్న పేజీలో అలాంటివి వాడకపోవడం మంచిది. ఫొటోగ్రాఫరు పేరు, లైసెన్సు పేరు, లింకు మూడూ ఫొటో కిందనే రాయండి. వాటర్‌మార్కును కత్తిరించి వాడడం ఏ లెక్కన చూసినా సమర్థించలేనిది.

వీడియోల్లో తరచుగా ఇబ్బంది తెచ్చేది వెనుక వినిపించే సినిమా పాట. పాటలో సాహిత్యానికి, సంగీతానికి, రికార్డింగుకు వేర్వేరు హక్కులు ఉంటాయి. కొద్ది సెకన్లే వాడితే తప్పులేదన్న మాట ప్రచారంలో ఉంది కానీ, చట్టంలో అటువంటి సెకన్ల లెక్క లేదు. యూట్యూబు తన ఆడియో లైబ్రరీలో ఉచితంగా ఇచ్చే సంగీతం వాడండి, లేదా తిరగవాత చిటపటను, రోటిలో కారం నూరే చప్పుడును అలాగే వినిపించండి. యూట్యూబులో 90 రోజుల వ్యవధిలో మూడు కాపీరైటు స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) వస్తే ఛానల్‌నే తొలగించే అవకాశం ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన వీడియోలు ఒక్క పాట మోజు వల్ల పోగొట్టుకోవలసిన పని లేదు.

హోటళ్ల పేర్లు, ప్రసిద్ధ వంటకాల పేర్లు

ఒక హోటల్లో తిన్న కారం దోసెను ఇంట్లో ప్రయత్నించి రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. "ఫలానా హోటల్ అసలు రహస్యం" అని శీర్షిక పెట్టడం మాత్రం వేరే సంగతి, ఎందుకంటే అది వారు చెప్పినది కాదు, పైగా ఆ పేరు వారి ట్రేడ్‌మార్కు కావచ్చు. "ఆ రుచిని గుర్తుపెట్టుకొని ఇంట్లో చేసిన ప్రయత్నం" అని రాయడం నిజాయితీ. అక్కడ పనిచేసేవారు నమ్మకంగా దాచిన పొడి కొలతను వారి ద్వారా రాబట్టి బయటపెట్టడం ఆ పనివారిని చిక్కుల్లో పడేస్తుంది, దయచేసి అలా చేయకండి.

కొన్ని పేర్లకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ, ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో, పూర్వపు కర్నూలు జిల్లాకు చెందిన బనగానపల్లె మామిడికి 2017లో అది లభించింది. బనగానపల్లె మామిడితో తాండ్ర చేసే పద్ధతి రాయడానికి ఆటంకమేమీ లేదు. వేరే రకం పండ్లతో చేసి ఆ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మితే చట్టం అడ్డుపడుతుంది.

మీ రాతను ఇతరులు తీసుకుంటే

ముందుగా ఆధారాలు సిద్ధంగా ఉంచుకోవాలి. ఫోనులోని అసలు ఫొటో ఫైళ్లను, వంటింటి నోటుపుస్తకాన్ని, మొదట ప్రచురించిన తేదీ తెలిసే స్క్రీన్‌షాటును పారవేయకండి. నమోదు తప్పనిసరి కాకపోయినా, పుస్తకంగా తీసుకురాదలచినవారు కాపీరైటు కార్యాలయంలో నమోదు చేసుకుంటే వివాద సమయంలో ఉపకరిస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. పత్రికలకు, పోటీలకు వంటకాలు పంపేవారు షరతులు పూర్తిగా చదవాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలని 19వ సెక్షన్ చెబుతోంది. అందులో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా పరిగణిస్తారు. హక్కులన్నీ ఇచ్చేసినా, ఆ రచన మీదేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం మీ దగ్గరే ఉంటుంది.

నకలు కనిపించినప్పుడు మొదట ఆ వ్యక్తికే మర్యాదగా రాయండి. తెలియక చేసినవారు ఎక్కువమంది ఉంటారు కాబట్టి, చాలా సందర్భాల్లో పేరు చేర్చడంతోనో తొలగించడంతోనో విషయం అక్కడితో తీరిపోతుంది. తీరకపోతే ఆ వేదికకు రాతపూర్వక ఫిర్యాదు పంపండి. అందులో మీ అసలు రచన లింకు, నకలు లింకు, ఏయే వాక్యాలు, ఏ ఫొటో తీసుకున్నారో వివరం, మీరే హక్కుదారు అన్న ప్రకటన ఉండాలి. 2013 కాపీరైటు నియమాల ప్రకారం సరైన ఫిర్యాదు అందాక వేదిక 36 గంటల్లో ఆ నకలును అందుబాటులో లేకుండా చేయవలసి ఉంటుంది. అయితే 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తీసుకురాకపోతే దాన్ని మళ్లీ ఉంచవచ్చు. దావా వేయవలసి వస్తే మీరు నివసించే జిల్లా న్యాయస్థానంలోనే వేసే వీలును 62వ సెక్షన్ కల్పించింది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఆ దశకు వెళ్లేముందు న్యాయవాదిని సంప్రదించడం అవసరం.

ఫిర్యాదు చేసేముందు వారు తీసుకున్నది మీ వాక్యాలనా, లేక అందరికీ చెందిన పద్ధతినా అని నిజాయితీగా చూసుకోండి. మీలాగే పప్పుల పొడి చివర కలిపారన్న కారణంతో ఎవరి మీదా ఫిర్యాదు చేయకూడదు. ఎవరైనా మీ మీదే అలాంటి ఆధారం లేని బెదిరింపులకు దిగితే, ఉల్లంఘన జరగలేదని ప్రకటించమని, ఆ బెదిరింపులను ఆపించమని 60వ సెక్షన్ కింద కోర్టును కోరవచ్చు. మీ నోటుపుస్తకంలోని కొలతలు, తేదీలు, ఫొటో ఫైళ్లు అప్పుడు కూడా మీ పక్షాన నిలిచే ఆధారాలు అవుతాయి.